పది వరసల పట్టిక

4 ఆగస్టు, సోమవారం

ఇవాళ ఆఫీసులో నా పట్టికని అందరూ మెచ్చుకున్నారు. మర్చిపోతానని కాదు, ఎప్పుడైనా మళ్ళీ చదువుకుని మురిసిపోవచ్చని రాసుకుంటున్నాను.

క్వారీ పక్క ఊళ్ళో మా ఫీల్డ్ వర్కర్ ఆసిఫా వేసవి నుంచీ జనం చేత ఊపిరి కొలిచే మిషన్‌లో ఊదిస్తోంది. ఎవరి ఊపిరి ఎంతుందో ఫోన్‌లో ఎక్కించి పంపిస్తుంది. అందులో బాగా తగ్గినవాళ్ళను ఏరి, విజయవాడ నుంచి వచ్చే ఊపిరితిత్తుల డాక్టర్లకు పేర్లు అందించడం నా పని. ఎక్సెల్‌లో పంపితే మా ట్రస్టు సెక్రటరీ జగన్నాథరావు గారి ఫోన్‌లో గళ్ళన్నీ చెదిరిపోతాయి. అందుకని ఆర్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాశాను. కోడ్ నడిపితే పట్టిక కాస్తా వెబ్ పేజీ అయిపోతుంది. ఏ ఫోన్‌లో నొక్కినా తెరుచుకుంటుంది. నందిగామలో ఈ పని చేసేది నేనొక్కదాన్నే అనుకుంటాను. కాకపోయినా, అనుకోవడానికి ఏం పోయింది.

మొదట చూపించినప్పుడు రావు గారు మొహం చిట్లించారు. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పట్టిక పైన సెర్చ్ అనీ, షో ఎంట్రీస్ అనీ, కింద ప్రీవియస్, నెక్స్ట్ అనీ ఇంగ్లీషు మీటలు ఉన్నాయి.

"పేర్లేమో తెలుగులో ఉన్నాయి, చుట్టూ ఈ ఇంగ్లీషు గోలేంటమ్మా గీతాంజలీ. తీసెయ్యడం కుదరదా?"

ఎందుకు కుదరదు. కోడ్‌లో ఒక్క ముక్క మార్చాను, పైనా కిందా ఉన్న మీటలన్నీ పోయి పట్టిక ఒక్కటే మిగిలింది. ముందు మా ఆఫీసు ఎనిమిదిమందిమీ ఊదిన లెక్కలతో సరిచూశాను. చక్కగా వచ్చింది. తర్వాత ఊరి లెక్కలు పెట్టాను. శీర్షికల వరసకు ముదురాకుపచ్చ, ఊపిరి మరీ తక్కువున్న గడికి లేత ఎరుపు. పెళ్ళిపత్రికలా ఉందని అకౌంట్స్ ఆవిడ అంది.

రావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "పదిమందేనా, నయం" అన్నారు. తర్వాత "ముచ్చటగా ఉందమ్మా" అన్నారు.

బస్సులో జగ్గయ్యపేట దాకా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను.

6 ఆగస్టు

రావు గారికి తెర మీద కనిపించేది లెక్కలోకి రాదు. కాగితం మీద పడాలి, కింద సంతకం పడాలి, స్టాంపు గుద్దాలి. నా పేజీని రెండు కాపీలు ప్రింట్ తీయించారు. ఒకటి డాక్టర్లకు, ఒకటి ఊళ్ళో పంచాయతీ ఆఫీసు గోడకు. ఒక్క పేజీలో ఒదిగిపోయిందని సంబరపడ్డాను కూడా.

8 ఆగస్టు, శ్రావణ శుక్రవారం

అమ్మ వ్రతం. వచ్చినవాళ్ళందరి కాళ్ళకూ పసుపు రాయడం నా వంతు. ఆసిఫా మూడుసార్లు ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేవు. ఖాళీ అయ్యాక కూడా చెయ్యలేదు. మళ్ళీ ఏ పేరో తప్పు ఎక్కించి ఉంటుంది, సోమవారం చూడొచ్చు అనుకున్నాను.

11 ఆగస్టు, సోమవారం

నిన్న ఆ పదిమందినీ వ్యాన్‌లో నందిగామ తీసుకొచ్చారు. డాక్టర్లు అందరికీ ఎక్స్‌రేలు తీయించి, మందులిచ్చి, దుమ్ము పనికి వెళ్ళొద్దని కాగితం రాసిచ్చారట. క్యాంపు బాగా జరిగిందని రావు గారు స్వీట్లు తెప్పించారు.

ఆసిఫా పొద్దున్నే వచ్చింది. చున్నీతో మొహం తుడుచుకుంటూ నా బల్ల పక్కన నిలబడింది.

"మేడం, కాలనీ నుంచి ఒక్కళ్ళని కూడా పిలవలేదేంటండి? వచ్చినోళ్ళందరూ ఊళ్ళోవాళ్ళే. శాంతయ్య గారి చేత ఊదిస్తే మిషన్ రెండుసార్లు తప్పని చూపించింది, అంత తక్కువొచ్చింది. ఆయన పేరు కూడా లేదు."

"నీ పని ఊదించడం వరకే ఆసిఫా. ఎవర్ని పిలవాలో డాక్టర్లు చూసుకుంటారు."

"డాక్టర్లకి పేర్లు ఇచ్చేది మనమేగా మేడం."

"నువ్వు ముందు పేర్లు తప్పుల్లేకుండా ఎక్కించడం నేర్చుకో."

 అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఆ స్వీటు చేతిలో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి వంక పెడితే ఒళ్ళు మండదా.

12 ఆగస్టు

పదిమంది కాదు. నలభై ఆరుమంది.

12 ఆగస్టు, మళ్ళీ

ఇంటికొచ్చాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఏడాది నివేదిక కోసం, ఊపిరి తగ్గినవాళ్ళు మొత్తం ఎందరో చూద్దామని కంప్యూటర్ని అడిగాను. నలభై ఆరు అంది. నేను నమ్మలేదు, మళ్ళీ అడిగాను. మళ్ళీ నలభై ఆరే అంది. నా పేజీ తెరిచి వరసలు వేలు పెట్టి లెక్కపెట్టాను. పది.

తప్పు పట్టికది కాదు. ఇలాంటి పట్టిక మనం వద్దని చెప్తే తప్ప ఒకసారికి పది వరసలే చూపిస్తుంది. మిగతావి కావాలంటే కింద నెక్స్ట్ నొక్కాలి. ఆ నెక్స్ట్‌ని నేనే పీకేశాను. మొత్తం ఎన్ని వరసల్లో ఎన్ని చూపిస్తున్నదీ అక్కడే చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. అది అందంగా లేదని దాన్నీ తీసేశాను. మా ఆఫీసువాళ్ళం ఎనిమిదిమందిమే కాబట్టి సరిచూసినప్పుడు ఏమీ తెలియలేదు. ముప్పై ఆరు పేర్లు ఆ పేజీలోనే ఉన్నాయి. వాటి దగ్గరకు వెళ్ళే దారే లేదు.

పైగా ఆసిఫా పరీక్షలు ఊరి మధ్య బడి దగ్గర మొదలుపెట్టి చివర్లో కాలనీకి వెళ్ళింది. వరసలు కూడా అదే క్రమంలో ఉన్నాయి. మొదటి పదీ పొలాలున్నవాళ్ళు, లారీలున్నవాళ్ళు. రాయి కొట్టేవాళ్ళూ క్రషర్‌లో పనిచేసేవాళ్ళూ అందరూ కిందికి పోయారు. శాంతయ్యది అందరికంటే తక్కువ ఊపిరి. నేను లేత ఎరుపు వేసిన గళ్ళలో అన్నిటికంటే ముందు ఎర్రబడాల్సింది ఆయనదే.

నేను లెక్క చూడలేదు, ముస్తాబు చూశాను. రేపు చెప్పేస్తాను.

13 ఆగస్టు

రావు గారి దగ్గర ఎవరో పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళ ముందు ఎలా చెప్తాను.

వాళ్ళు పన్నెండింటికే వెళ్ళిపోయారు. ఆ సంగతి కూడా రాయాలి కదా.

14 ఆగస్టు, గురువారం

ఇవాళ చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

కాలనీ నుంచి ఆరుగురు ఆడవాళ్ళు ఆటోలో ఆఫీసుకు వచ్చారు. ముందు నిలబడింది శాంతయ్య భార్య మహిమ. వాళ్ళు గట్టిగా అరిచింది కూడా లేదు.

"ఊదేటప్పుడు అందరం ఊదాం గదండి," అంది ఆమె. "మా ఆయన ఊది ఊది కళ్ళు తిరిగి పడిపోయాడు. పేర్లు మాత్రం ఊళ్ళోవాళ్ళయి వచ్చినయ్యి. ఆ ఊదించిన పిల్ల వాళ్ళిళ్ళల్లో టీలు తాగి వాళ్ళ పేర్లే రాసుకుందని అంటన్నారు. నిజమేనా అండి?"

ఆసిఫా తలుపు దగ్గరే ఉంది. "నేనెందుకు రాస్తానమ్మా. అందరివీ పంపించా," అంటూనే నా వైపు చూసింది.

రావు గారూ నా వైపే చూశారు. "అమ్మా, కాలనీ పేర్లు నీ దగ్గరికి వచ్చినయ్యా?"

వచ్చాయి అంటే అయిపోయేది. ఒక్క మాట. గదిలో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు.

"ఫీల్డ్ నుంచి కొన్ని లేటుగా వచ్చుంటాయండి," అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. తెలియదని రాస్తే సరిపోతుందా. తెలుసు. పెళ్ళిపత్రికలా ఉందన్న ఆవిడ పక్క బల్ల దగ్గరే ఉంది, అందుకని.

 కాలనీవాళ్ళు వెళ్ళాక రావు గారు ఆసిఫాని పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా రావద్దని చెప్పారు. బ్యాగు, మిషను నా బల్ల మీద పెట్టింది. "ఇందులో మూతి గొట్టాలు అయిపోయినయ్యి మేడం, కొత్తవి కొనాలి," అని చెప్పి వెళ్ళింది.

15 ఆగస్టు

జెండా ఎగరేశారు. చాక్లెట్లు పంచారు. రాయాలని లేదు.

18 ఆగస్టు, సోమవారం

కోడ్ దిద్దాను. అన్ని వరసలూ ఒకేసారి చూపించమని ఒక్క మాట చేర్చడమే. అరనిమిషం పని. ఇప్పుడు నలభై ఆరు పేర్లూ పై నుంచి కింది దాకా కనిపిస్తున్నాయి. ఫైలు లాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. పంపలేదు.

పంపితే ఇంతకు ముందు పదే ఎందుకు వచ్చాయని అడుగుతారు. ఏదైనా సర్ది చెప్పి పంపొచ్చు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. మంచి మాట దొరికితే ఆసిఫాకి కూడా ఇబ్బంది లేకుండా ఉంటుంది కదా.

ఇది ఆసిఫా కోసం ఆలోచించడం కాదని నాకు తెలుస్తూనే ఉంది.

పొద్దున చిల్లకల్లు స్టాపులో బస్సు ఆగినప్పుడు శాంతయ్య కనిపించాడు. చేతిలో క్యారేజీ. క్రషర్‌కి వెళ్ళే ట్రాక్టర్ కోసం నిలబడి, కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆరోగ్యం బాగాలేక పని మానేశాడని ఇదివరకు ఆసిఫానే చెప్పింది. మళ్ళీ ఎందుకు వెళ్తున్నాడో అర్థం కాలేదు. కిటికీ అద్దం మూసుకున్నాను.

19 ఆగస్టు

ఇవాళ కూడా పంపలేదు.

20 ఆగస్టు

ఇవాళ కూడా. శాంతయ్య స్టాపులో ఉన్నాడు.

21 ఆగస్టు, గురువారం

సాయంత్రం తిరుగుబస్సులో చిల్లకల్లు దగ్గర శాంతయ్యే ఎక్కాడు. జగ్గయ్యపేటలో మందుల షాపుకి వెళ్తున్నాడట. నా పక్క సీటే ఖాళీగా ఉంది. కనుబొమల మీద, చెవుల్లో, చొక్కా కుట్ల వెంట తెల్లటి దుమ్ము. నాకు అంటుతుందని సీటు చివరికి జరిగి కూర్చున్నాడు.

"బాగున్నారా మేడం గారూ. నన్ను గుర్తుపట్టుండరు. ఊదేటప్పుడు మీరొచ్చి ఫొటో తీశారు గదండి."

"గుర్తుంది. పనికి వెళ్తున్నారా?"

"ఎల్తన్నానండి. మధ్యలో మానేశా. దగ్గు తెగ వచ్చేది, ఇంట్లో నాలుగడుగులు ఎయ్యలేకపోయా. మా ఇంటిది ఎల్లొద్దని ఒకటే ఏడుపు." దగ్గాడు.  "పంచాయతీ గోడ మీద మీ కాయితంలో నా పేరు లేదని మా బాలస్వామి చూసొచ్చి చెప్పాడు. అప్పుడు గదా నాకు ధైర్యం వచ్చింది. జబ్బయితే రాసేవోళ్ళు గదండి. మర్నాడే పన్లోకి ఎక్కేశా."

నేను కిటికీ వైపు చూశాను.

"మా ఇంటిది మీ ఆఫీసుకొచ్చి గొడవ చేసిందంట. ఏమనుకోవద్దండి. దానికి భయం ఎక్కువ. మీరు అంత శ్రద్ధగా పరీక్షలు చేయించి చెప్తే ఇంకా పేరు లేదని ఏడుస్తాదేంటండి. పేరు లేకపోతే మంచిదే గదా."

నాకు క్షమాపణ చెప్పాడు. శాంతయ్య నాకు చెప్పాడు. "మీరు రేపు పనికి వెళ్ళకండి," అన్నాను.  ఎందుకండి అని అడిగాడు. డాక్టర్లు మళ్ళీ చూస్తారు, అప్పటిదాకా వద్దు అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మినట్టు లేడు, కాదనడం బాగుండదని ఊపాడు. బస్టాండులో దిగేటప్పుడు నాకు ముందు దారి ఇచ్చాడు.

ఇంటికొచ్చి స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. ఏడవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. మొహం కడుక్కుని కూడా అద్దంలో చూసుకోలేకపోయాను. నేను రోజుకో మంచి మాట వెతుక్కుంటూ కూర్చుంటే, పేరు లేకపోవడమే మంచి కబురనుకుని ఆ మనిషి రోజూ వెళ్ళి దుమ్ము పీలుస్తున్నాడు.

22 ఆగస్టు, శుక్రవారం

పొద్దున్నే రావు గారికి అంతా చెప్పేశాను. మీటలు తీసేయడం, పది వరసలు, లేటుగా వచ్చాయన్న అబద్ధం, అన్నీ. కోప్పడతారనుకున్నాను. ఆయన తలుపు దగ్గరికి వేశారు.

"ఇంగ్లీషు తియ్యమన్నది నేనే కదమ్మా. ఇప్పుడు మనిద్దరం బయట పడితే ట్రస్టు పేరు పోతుంది. మిగతా ముప్పై ఆరుగురినీ రెండో విడత అని పంపించు. ఆసిఫాని సోమవారం నుంచి రమ్మందాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

ఎంత హాయిగా అనిపించిందో. సరేనండి అన్నాను. పేజీ పంపాను, ఈసారి ప్రింట్ తీశాక ప్రతి వరసకీ టిక్ పెట్టుకుని మరీ. శాంతయ్య పేరు పక్కన, ముందు ఈయన్ని చూడండి అని చేత్తో రాశాను. అందరినీ మంగళవారం విజయవాడ తీసుకురమ్మని మధ్యాహ్నానికే డాక్టర్ల నుంచి ఫోన్ వచ్చింది. ఇంత సులువుగా అయ్యే పని.

23 ఆగస్టు

ఆసిఫాకి ఫోన్ చేశాను. సోమవారం నుంచి రావచ్చని చెప్పి, తర్వాత తప్పు నాదేనని కూడా చెప్పాను. 

"నాకెందుకు చెప్తారు మేడం? నేను రాయలేదని నాకు తెలుసుగా."

"సారీ ఆసిఫా."

"మొన్న శాంతయ్య గారు ఎట్లున్నారో చూద్దామని కాలనీకి ఎల్లా. మహిమక్క నన్ను చూసి తలుపేసేసింది. ఎండాకాలమంతా ఆ ఇంట్లో నీళ్ళు తాగా నేను. మా అన్న సర్ఫరాజ్ ఆటో కూడా ఆ ఊరోళ్ళు ఎక్కట్లేదు. చెప్పేదేదో కాలనీలో చెప్పండి. చెప్తేనే వస్తా, లేకపోతే ఆ పని నాకొద్దు."

రావు గారు వద్దన్నారే అనబోయాను. సిగ్గేసి ఆగాను. రేపు వెళ్దాం అన్నాను.

24 ఆగస్టు, ఆదివారం

వెళ్ళొచ్చాను.

వాళ్ళు చర్చి నుంచి వచ్చేదాకా ఆగి వెళ్ళాం. శాంతయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నేను చెప్పినా శుక్రవారం పనికి వెళ్ళాడట, మధ్యాహ్నానికి ఆయాసం ఎక్కువై ట్రాక్టర్‌లో దించిపోయారట. మహిమ నన్ను చూడగానే పక్కింటికి పరుగెత్తి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. కూర్చోండి మేడం గారూ అంది. కాలనీ జనం ఒక్కొక్కరే చేరారు.

ఇంటి దగ్గర చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. లాప్‌టాప్ తెరిచి పాత పేజీ, కొత్త పేజీ చూపించాను. పేర్లన్నీ ఆసిఫా పంపిందనీ, అందంగా ఉండాలని కింద ఉండాల్సిన మీటలు నేను తీసేశాననీ, అందువల్ల మొదటి పదే కనిపించాయనీ, తెలిశాక కూడా చెప్పకుండా నెపం ఆసిఫా మీదకి తోశాననీ చెప్పాను. 

శాంతయ్య తెర వైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "అంటే నేను ఆగాల్సింది."

"అవునండి."

 అరచేతిని గుండె మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. తిడతారని, కనీసం మహిమ అయినా తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"మీరేం చేస్తారండి, మిషన్ తప్పు," అన్నాడు గోడ పక్కనున్న బాలస్వామి.

"మిషన్ కాదండి, నేనే."

"పోన్లెండి మేడం గారూ," అంది మహిమ. "కావాలని చేశారా ఏంటి. అంత చదువుకున్నోళ్ళు మా ఇంటిదాకా వచ్చి చెప్పారు, అది చాలు. మంగళవారం తీసకెళ్తన్నారుగా." కొట్టుకి పిల్లను పంపి కూల్‌డ్రింక్ తెప్పించింది. ఒక్కటే సీసా. మూత తీసి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను, బలవంతం చేసింది. తాగాను.

నిన్నటి దాకా ఇదే తప్పుకి ఆసిఫాని గుమ్మం ఎక్కనివ్వలేదు. తప్పు నాదని తెలిశాక ఐదు నిమిషాల్లో క్షమించేశారు. అడగకుండానే.

వచ్చేటప్పుడు తారు రోడ్డు దాకా నడిచాం. ఆసిఫా నాకంటే ఒక అడుగు వెనకే ఉంది. మహిమక్క సాయంత్రం ఫోన్ చేస్తానందని చెప్పింది. సోమవారం వస్తానంది. మిషన్‌కి మూతి గొట్టాలు కొన్నారా అని అడిగింది. కొనలేదన్నాను.

"నేను ఎండాకాలమంతా తిరిగా ఆ ఇంటికి," అంది. కోపంగా కాదు, మామూలుగానే. "నన్ను అరుగు మీద కూర్చోమన్నారు గానీ పక్కింటికెళ్ళి కుర్చీ తెచ్చింది ఇయ్యాలే చూశా."

 నేను మాట్లాడినంతసేపూ ఆసిఫా ఆ ఎండలో నా కుర్చీ వెనకాలే నిలబడి ఉంది. నాకు లేవాలని తోచలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా కూర్చునే ఉన్నాను.